తరంగంబాడి బంగళాలో రెండు రాత్రులు ఉండాలంటే

తిరునల్లారు శనీశ్వరుడి దర్శనానికి వెళ్లే మనవాళ్లు రాత్రికి కారైకాల్‌లో ఏదో ఒక లాడ్జిలో పడుకుని, పొద్దున్నే అక్కడి కోనేరు నలతీర్థంలో మునిగి, దర్శనం చేసుకుని బస్సెక్కేస్తారు. ఆ గుడికి ఇరవై కిలోమీటర్ల లోపే సముద్రం ఒడ్డున పాత దొరల బంగళా ఒకటి ఉందనీ, అందులో డబ్బు కట్టి ఉండొచ్చనీ చాలామందికి తెలీదు. తమిళనాడులోని ఆ ఊరి పేరు తరంగంబాడి. పాత పటాల్లో ట్రాంక్విబార్. బంగళాని, పాత కోటల్నీ భవనాల్నీ హోటళ్లుగా మార్చే నీమ్రానా కంపెనీ వాళ్లు ‘ద బంగ్లో ఆన్ ద బీచ్’ అనే పేరుతో హోటల్‌గా నడుపుతున్నారు.

నేను నెల్లూరులో సోషల్ చెప్పి రిటైరైనదాన్ని, చరిత్ర రెండు ముక్కలైనా చెప్పకుండా వదల్ను. 1620లో ఈ చోటుని డెన్మార్కు వాళ్లకి ఇచ్చింది తంజావూరు రఘునాథ నాయకుడు, తెలుగులో కావ్యాలు రాసిన మన రాజు. ఆయన బంగారు రేకు మీద రాయించి డేన్ల రాజుకి పంపిన ఉత్తరం ఇప్పటికీ కోపెన్‌హాగెన్‌లో భద్రంగా ఉంది. డేన్లు డాన్స్‌బోర్గ్ కోట కట్టుకుని రెండు వందల ఏళ్లకి పైగా వ్యాపారం చేసి, 1845లో ఊరిని ఇంగ్లీషు వాళ్లకి అమ్మేశారు. ఆ తర్వాత కొన్నేళ్లు తంజావూరు జిల్లా కలెక్టరు కచేరీ ఇక్కడే నడిచింది. మనం అద్దెకి దిగేది ఆ కాలపు కలెక్టరు దొర ఇంట్లో.

ఇక అసలు సంగతి. ఇలాంటి ఇంట్లో మనం డబ్బు పెట్టేది గదికి కాదు, వరండాకి. గదికి ఏసీ ఉందా, టీవీ ఉందా అని అడిగేవాళ్లకి కారైకాల్ లాడ్జీయే మేలు, డబ్బు మిగులుతుంది. బుక్ చేసేటప్పుడు అడగాల్సింది ఒక్కటే: మేడమీద సముద్రం వైపు గది ఉందా? గదులకి ఒకప్పుడు ఈ రేవుకి వచ్చిన డేనిష్ ఓడల పేర్లు పెట్టారు కాబట్టి పేరు చూసి ఏది ఎటువైపో తెలీదు, ఫోన్ చేసి అడగాల్సిందే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వెంట ఉంటే మాత్రం సముద్రం సంగతి పక్కనపెట్టి కింది గది తీసుకోండి. మా ఆయన అలాగే కింద పడుకుని, పగలంతా మేడమీద కుర్చీ వదల్లేదు.

రోజులు ఎంచుకోవడంలో కొంచెం లెక్క ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, వానలు, తుపాన్లు. మే నెలలో ఉక్కపోత. జనవరి, ఫిబ్రవరి హాయి. అందులో పౌర్ణమి కలిసొస్తే ఇంకేం కావాలి, తూర్పు తీరం కాబట్టి చంద్రుడు నీళ్లలోంచే పైకొస్తాడు. వారం విషయానికొస్తే, కోటలోని మ్యూజియానికి శుక్రవారం సెలవు, తిరునల్లారులో శనివారం తొక్కిసలాట. అందుకని బుధవారం మధ్యాహ్నానికి చేరి, గురువారం కోట చూసి, శుక్రవారం పొద్దున బయల్దేరి స్వామిని చూసుకోండి. ఒక్క రాత్రికి మాత్రం వెళ్లకండి. సాయంత్రం దిగి పొద్దున పెట్టె సర్దుకుంటే వరండా ఎప్పుడు అనుభవిస్తారు?

మన రైళ్లు చాలావరకు చెన్నై సెంట్రల్‌లో దింపుతాయి, మయిలాడుతురై బండ్లు ఎగ్మూరులో ఎక్కాలి. స్టేషన్లు దగ్గరే అయినా సామానుతో మారాలి, మధ్యలో రెండు గంటలైనా ఉంచుకోండి. మయిలాడుతురై నుంచి బస్సో కారో, గంట లోపే.

నూలు బట్టలు, ఇంకో తువ్వాలు ఎక్కువ పెట్టుకోండి. ఉప్పుగాలికి తడిబట్ట ఓ పట్టాన ఆరదు. ఏసీ గదిలోంచి కెమెరా తీయగానే అద్దం మసకేస్తుంది, కాసేపు ఆగి తుడవండి. ఊరు చిన్నది, రాత్రిపూట బయట తిండి వెతుక్కోవడం కష్టం. శాకాహారమో, చేపలో, కారం ఎంతో మధ్యాహ్నమే వంటవాళ్లకి చెప్పేయండి. మా ఆయనకి షుగరు కాబట్టి నేను చపాతీల సంగతి దిగిన వెంటనే తేల్చేస్తాను.

ఎండ ఎక్కకముందే నడక ముగించాలి. బంగళా మెట్లు దిగితే ఎదురుగా మైదానం, అటుపక్క కోట, ఒడ్డున మాసిలామణినాథుడి గుడి. 1306 నాటి ఆ గుడి ముందుభాగాన్ని సముద్రం ఎప్పుడో తినేసింది. రాజవీధిలో 1701 నాటి జియాన్ చర్చి, 1718 నాటి న్యూ జెరూసలేం చర్చి ఉన్నాయి. 1706లో వచ్చిన జర్మన్ మిషనరీ జీగెన్‌బాల్గ్ ఇక్కడే తమిళ బైబిలు అచ్చు మొదలుపెట్టాడు. 1719లో ఇదే ఊరికి వచ్చిన ఇంకో జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ తర్వాత మద్రాసు వెళ్లి తెలుగు నేర్చుకుని, జర్మనీలోని హాలె పట్నంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. ఈ ముక్క అక్కడ ఏ బోర్డు మీదా నాకు కనబడలేదు, అందుకే చెప్తున్నాను.

పిల్లల్ని నీళ్లలోకి దించొద్దు. అలల ఉరవడి ఎక్కువ, ఒడ్డున కోత ఆపడానికి పోసిన రాళ్లున్నాయి. పక్కనే జాలర్ల పల్లె. 2004 సునామీ ఈ తీరాన్ని ఊడ్చేసింది. వలలు బాగుచేసుకునేవాళ్ల దగ్గరికెళ్లి ‘అప్పుడేమైంది’ అని అడిగే యాత్రికుల్ని చూశాను, చిరాకేసింది. చేపల ధర అడగండి, వాళ్లే మాట కలుపుతారు.

ఇంట్లో ఎవరికైనా అరవై నిండుతుంటే తిరుక్కడైయూర్ అభిరామి గుడి పది కిలోమీటర్లు కూడా లేదు, షష్టిపూర్తులకి పేరు. అలా బంధువులతో వెళ్లేటట్టయితే గదులన్నీ ఒకేసారి అడగండి. ఉన్నవే కాసిని, ముందు అడిగినవాళ్లకే మేడ దక్కుతుంది.