అమెరికాలో తెలుగమ్మాయి తెర మీదికి వెళ్లాలంటే: ముందు కాగితాలు, తర్వాత కెమెరా

అవంతిక వందనపు 2005 జనవరిలో కాలిఫోర్నియాలోని యూనియన్ సిటీలో పుట్టింది. చిన్నప్పుడు డాన్సు పోటీలు. 2016లో బ్రహ్మోత్సవంతో తెలుగు తెర మీదికి. 2021లో డిస్నీ ఛానల్ సినిమా స్పిన్‌లో కథానాయిక. 2024 జనవరిలో విడుదలైన మీన్ గర్ల్స్‌లో కారెన్. ఈ వరుసను అదృష్టమని కొట్టిపారేయకుండా నిదానంగా చదివితే, అమ్మాయిని ఇదే దారిలో పంపాలనుకునే ఇంటికి పనికొచ్చే సంగతులు చాలా దొరుకుతాయి. ఈ మార్గదర్శి ప్రధానంగా కాలిఫోర్నియాను దృష్టిలో పెట్టుకుని రాసింది. పిల్లల పనికి అక్కడున్నంత వివరమైన నియమాలు అమెరికాలో తక్కువ చోట్ల ఉన్నాయి.

వీసా సంగతి మొదట తేల్చుకోండి

మన కుటుంబాల్లో ఎక్కువమంది దీన్ని చివర్లో అడుగుతారు. నిజానికి మొదటి ప్రశ్న ఇదే. హెచ్‌4 వీసా (హెచ్1బీ లాంటి వీసా మీద పనిచేసేవారి కుటుంబానికి ఇచ్చేది) మీదున్న పిల్లలు అమెరికాలో జీతానికి పని చేయకూడదు. హెచ్‌4 మీద ఇచ్చే పని అనుమతి కొందరు జీవిత భాగస్వాములకే గానీ పిల్లలకు కాదు. షూటింగ్ మొదలయ్యే ముందు నిర్మాణ సంస్థ, పని చేసే అర్హతను రుజువు చేసే ఐ‌9 ఫారం నింపిస్తుంది. అక్కడ పౌరసత్వమో, గ్రీన్ కార్డో, చెల్లుబాటయ్యే పని అనుమతి కార్డో చూపాలి. "డబ్బు తీసుకోం, ఊరికే చేస్తాం" అన్నా వ్యాపార నిర్మాణంలో అది సురక్షితం కాదు. పాత్ర వచ్చాక ఈ కారణంతో వదులుకోవడం పిల్లకు పెద్ద దెబ్బ. గ్రీన్ కార్డు ఇంకా రాకపోతే స్కూలు నాటకాలు, నటన తరగతులతో ఆ ఏళ్లు గడపండి, అవి వృథా పోవు.

పేరు కూడా ఇప్పుడే సరిచూడండి. మన ఇంటిపేర్లు పాస్‌పోర్టులో ఒకలా, బర్త్ సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉండటం మామూలే. పర్మిట్, బ్యాంకు ఖాతా, ఐ‌9 మూడింటిలోనూ ఒకే చట్టబద్ధమైన పేరు ఉండాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా జీతం ఆగే అవకాశం ఉంది. తెర పేరు వేరే సంగతి. అవంతిక ఇంటిపేరు లేకుండా ఒక్క పేరుతోనే పనిచేస్తోంది. సాగ్-ఆఫ్‌ట్రా అనే అమెరికా నటుల సంఘంలో అప్పటికే ఎవరైనా వాడుతున్న పేరును మళ్లీ ఇవ్వరు కాబట్టి రెండో ఎంపిక దగ్గర ఉంచుకోండి.

పర్మిట్

కాలిఫోర్నియాలో పనిచేయాలంటే 15 రోజుల పసిపాప నుంచి 18 ఏళ్లలోపు వారెవరికైనా లేబర్ కమిషనర్ కార్యాలయం ఇచ్చే ఎంటర్‌టైన్‌మెంట్ వర్క్ పర్మిట్ కావాలి. మామూలు పర్మిట్‌కు రుసుము లేదు, ఆరు నెలలు చెల్లుతుంది. దరఖాస్తుతో పాటు వయసు రుజువు, స్కూలు వాళ్ల సంతకం కావాలి. మార్కులు, హాజరు, ఆరోగ్యం సరిగ్గా ఉన్నాయని వాళ్లు ధ్రువీకరించాలి. వేసవి సెలవుల్లో సంతకం పెట్టేవాళ్లు దొరకరు కాబట్టి చివరి రిపోర్టు కార్డు కాపీ దాచి ఉంచండి. 14 నుంచి 17 ఏళ్లవారైతే లైంగిక వేధింపుల నివారణ శిక్షణ కూడా పూర్తిచేయాలి. తల్లి గానీ తండ్రి గానీ పక్కన కూర్చోవాలి. దాన్ని గబగబా క్లిక్ చేసి దాటేయకండి. పిల్ల ఎవరితో ఏం చెప్పొచ్చో ఇంట్లో మాట్లాడుకోవడానికి ఇదే మంచి సందర్భం.

తొందరైతే ఆన్‌లైన్‌లో 50 డాలర్లకు పది రోజుల తాత్కాలిక పర్మిట్ వస్తుంది. కానీ జీవితంలో ఒక్కసారే, మొదటిసారి దరఖాస్తు చేసేవారికే. దాన్ని చిన్న పనికి ఖర్చు చేసుకోకండి. మామూలుగా జరిగే తప్పు గడువు మరచిపోవడం. ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి. గడువుకు నెల ముందే ఫోనులో గుర్తు పెట్టుకోండి.

న్యూయార్క్‌లో పర్మిట్ 12 నెలలు చెల్లుతుంది, తొలిసారి 15 రోజుల తాత్కాలికం ఉంటుంది. టెక్సస్‌లో 14 ఏళ్ల లోపు పిల్లలకు టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ అనుమతి కావాలి.

ఆ డబ్బు పిల్లదే

జాకీ కూగన్ 1920లలో లక్షల డాలర్లు సంపాదించిన బాలనటుడు. పెద్దయ్యేసరికి ఆ డబ్బును తల్లి, సవతి తండ్రి ఖర్చు చేసేశారు. 1938లో దావా వేస్తే అతని చేతికి వచ్చింది సుమారు 1,26,000 డాలర్లు. ఆ మరుసటి ఏడాది కాలిఫోర్నియా చేసిన చట్టానికి ఇప్పటికీ అతని పేరే వాడుక. 2000 నుంచి మైనర్ సంపాదన మొత్తం మైనర్ ఆస్తే, తల్లిదండ్రులది కాదు. మన ఇళ్లలో పిల్లల సంపాదన ఇంటి సంపాదనే అన్న ఆలోచన బలంగా ఉంటుంది. కాలిఫోర్నియాలో ఆ ఆలోచన చట్టం ముందు నిలవదు, నిలవకూడదు కూడా.

చేయాల్సింది ఇది: పిల్ల పేర "కూగన్ అకౌంట్" అని స్పష్టంగా అడిగి, బ్లాక్డ్ ట్రస్టు ఖాతా (18 నిండేదాకా డబ్బు తీయడానికి వీల్లేనిది) తెరవండి. అన్ని బ్యాంకులూ ఇవ్వవు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మామూలు పిల్లల సేవింగ్స్ ఖాతా కాలిఫోర్నియాలో చెల్లదు. న్యూయార్క్ నియమం వేరు, అక్కడ కస్టోడియల్ ఖాతా (పిల్ల పేరనే ఉండి పెద్దవాళ్లు చూసుకునేది) ఒప్పుకుంటారు. కాబట్టి ఏ రాష్ట్రంలో పని అన్నది చూసుకోండి. నిర్మాణ సంస్థ స్థూల జీతంలో 15 శాతం నేరుగా ఈ ఖాతాలో వేస్తుంది. ఖాతా వివరాలు ఇవ్వకపోతే ఆ సొమ్ము ఎంటర్‌టైన్‌మెంట్ కమ్యూనిటీ ఫండ్‌ అనే సేవా సంస్థకు చేరుతుంది. తర్వాత దాన్ని వెనక్కి రప్పించుకోవడం వేరే పని.

లెక్క వేసి చూడండి. 1,000 డాలర్ల జీతంలో 150 కూగన్ ఖాతాకు, 100 ఏజెంటుకు, మేనేజరు ఉంటే మరో 100 నుంచి 150. కమిషన్లన్నీ స్థూల మొత్తం మీదే. మిగిలిన 600 చిల్లరలోంచి పన్ను పోవాలి. ప్రయాణం, తరగతులు, ఫోటోల ఖర్చు మీదే. మొదటి రెండు మూడేళ్లు ఇంటికి డబ్బు వస్తుందని లెక్కేసుకోకండి.

ఫోటో, రెజ్యూమే

హెడ్‌షాట్ (ఆడిషన్లకు పంపే ముఖం ఫోటో) 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు, రంగుల్లో. రెండు చాలు: ఒకటి నవ్వుతూ, ఒకటి గంభీరంగా. పెళ్లి ఫోటోల మేకప్, నగలు, ముఖాన్ని నున్నగా చేసే ఎడిటింగ్ వద్దు. ఫోటోలో ఉన్న అమ్మాయి, గదిలోకి వచ్చిన అమ్మాయి ఒకేలా లేకపోతే కాస్టింగ్ వాళ్లకు అక్కడే నమ్మకం పోతుంది. పిల్లలు త్వరగా ఎదుగుతారు. పళ్లు ఊడినా, జుట్టు కత్తిరించినా, ఒక్కసారిగా పొడుగైనా కొత్త ఫోటో తీయించాలి.

రెజ్యూమే ఒక్క పేజీ. పేరు, ఎత్తు, జుట్టు రంగు, కళ్ల రంగు, సినిమా, టీవీ, నాటకం, శిక్షణ, ప్రత్యేక నైపుణ్యాలు. ఇంటి చిరునామా ఎప్పుడూ రాయకండి. తెలుగు ఎంత బాగా మాట్లాడుతుందో, కూచిపూడి ఎన్నేళ్లు నేర్చుకుందో రాయండి. రానిది రాయకండి, "ఇప్పుడు చేసి చూపించు" అంటారు. తెలుగు సినిమాలో చేసి ఉంటే భారతదేశం, తెలుగు అని స్పష్టంగా పెట్టండి. అది పూర్తి స్థాయి సినిమా అనుభవమే, దాచాల్సిన పని లేదు.

ఈ రెండూ యాక్టర్స్ యాక్సెస్, కాస్టింగ్ నెట్‌వర్క్స్ లాంటి సైట్లలో ప్రొఫైల్‌గా పెట్టాలి. ఇండియన్ అమ్మాయి కావాలని రాసిన పాత్రలకు మాత్రమే పంపితే దారి ఇరుకైపోతుంది. పాత మీన్ గర్ల్స్‌లో కారెన్ ఇంటిపేరు స్మిత్. అవంతిక వచ్చాక అది షెట్టి అయింది. ఏ జాతివారైనా సరే అని రాసిన పాత్రలన్నిటికీ పంపండి.

సెల్ఫ్ టేప్

ఆడిషన్లలో ఎక్కువ భాగం ఇప్పుడు ఇంట్లోంచే. సైడ్స్ అనే కొన్ని పేజీల సీను పంపిస్తారు, మీరు రికార్డు చేసి పంపాలి. ఎక్కువమంది తప్పిపోయేది ఇక్కడే.

ఫోను అడ్డంగా, స్టాండు మీద, లెన్సు పిల్ల కళ్ల ఎత్తులో ఉండాలి. ఐదారడుగుల దూరం, ఛాతీ నుంచి పైకి, తల మీద కొద్దిగా ఖాళీ. వెనక మడతల్లేని బూడిద లేదా లేత నీలం గుడ్డ. రెండు దీపాలు, రెండు పక్కల నుంచి ఏటవాలుగా ముఖం మీద పడాలి. నీడ గుడ్డ మీద పడుతుంటే పిల్లను రెండడుగులు ముందుకు జరపండి. 1080 రిజల్యూషన్ చాలు. ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్ ఆపేయండి, వంటింట్లో కుక్కర్ దింపేయండి, ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి.

ఎదుటి పాత్ర మాటలు చదివేవాళ్లు లెన్సుకు ఆనుకుని పక్కనే నిలబడాలి. దూరంగా నిలబడితే పిల్ల ముఖం పక్కకు తిరిగిపోతుంది. మెల్లగా, మామూలుగా చదవండి. మీ యాస గురించి దిగులు వద్దు, వాళ్లు చూసేది పిల్లను. మీ గొంతు పిల్ల గొంతును మింగేయకుండా ఉంటే చాలు. స్లేట్ (పిల్ల తనను తాను పరిచయం చేసుకునే ముక్క) అడిగితే పేరు, వయసు, ఎత్తు, ఊరు చెప్పి, లెన్సులోకి చూడాలి. సీనులో మాత్రం లెన్సులోకి చూడకూడదు.

నాట్యం నేర్చుకున్న మన పిల్లలకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంటుంది. అభినయం ఆఖరి వరసలో కూర్చున్నవాళ్లకు చేరాలి. కనుబొమలు, పెదవులు, మెడ అన్నీ అందుకే పెద్దగా కదులుతాయి. క్లోజప్‌లో అదే కదలిక పదింతలవుతుంది. దీనికి మందు: ఒకే సీనును మూడుసార్లు చేయించండి. మొదట వేదిక మీద ఉన్నట్టు, తర్వాత హాల్లో అవతలి వైపున్న చెల్లితో మాట్లాడినట్టు, చివరికి పక్కన పడుకున్న అక్క చెవిలో చెప్పినట్టు. మూడోదే రికార్డు చేయండి. భావం తగ్గించమని చెప్పకండి, దూరం తగ్గించమని చెప్పండి. అలా చెబితే పిల్లలు వెంటనే పట్టుకుంటారు, భావం కూడా లోపలే నిలుస్తుంది.

ఇంకో తప్పు, అమ్మ చేసి చూపించిన హావభావాలు, అమ్మ పలికిన తీరే పిల్ల అప్పజెప్పడం. చూడగానే తెలిసిపోతుంది. మాటలు బట్టీ పట్టించండి, పలికే తీరు మాత్రం పిల్లకే వదిలేయండి. నాలుగైదు టేకులు దాటితే ఆపేయండి. సైడ్స్‌ను, పాత్ర సంగతిని వాట్సాప్ గ్రూపుల్లో, చుట్టాలకు పంపకండి. చాలా పేజీల మీద మీ పేరు వాటర్‌మార్క్‌గా ఉంటుంది.

ఏజెంటు, మోసగాళ్లు

కాలిఫోర్నియాలో టాలెంట్ ఏజెంటుకు లేబర్ కమిషనర్ లైసెన్సు ఉండాలి, దాన్ని ఆ కార్యాలయం సైటులో వెతికి చూడొచ్చు. సంఘం పనుల్లో ఏజెంటు కమిషన్ 10 శాతం, అదీ పని దొరికి జీతం వచ్చాకే. ముందుగా డబ్బు అడిగి పని ఇప్పిస్తాననడం 2010 నుంచి అక్కడ నేరం. "పేరు నమోదుకు ఇంత", "మా ఫోటోగ్రాఫర్ దగ్గరే తీయించాలి", "ఈ రాత్రే చెక్కు ఇవ్వకపోతే సీటు పోతుంది" అన్న మాట వినగానే లేచి వచ్చేయండి. మైనర్లతో పనిచేసే కోచ్‌లు, మేనేజర్లు, ఫోటోగ్రాఫర్లు వేలిముద్రలిచ్చి చైల్డ్ పెర్ఫార్మర్ సర్వీసెస్ పర్మిట్ తీసుకోవాలి. చూపించమని అడగండి, మొహమాటపడకండి.

సంఘం సభ్యత్వానికి తొందర వద్దు. సంఘం ఒప్పందమున్న నిర్మాణంలో ఒక్క రోజు మాటలున్న పాత్ర చేస్తే అర్హత వస్తుంది. చేరే రుసుము 3,000 డాలర్లు. చేరాక సంఘం బయటి పనులు చేయకూడదు.

సెట్ మీద గంటలు

స్కూలు నడిచే రోజుల్లో కాలిఫోర్నియా లెక్క ఇది. 6 నుంచి 9 ఏళ్లలోపు: సెట్ మీద 8 గంటలు, అందులో పని 4. 9 నుంచి 16 లోపు: 9 గంటలు, పని 5. 16 నుంచి 18 లోపు: 10 గంటలు, పని 6. మూడు వర్గాలకూ చదువు 3 గంటలు, విశ్రాంతి 1 గంట. అరగంట భోజనం అదనం. అంటే 13 ఏళ్ల అమ్మాయి ఉదయం 8కి వస్తే సాయంత్రం 5:30కి బయటపడాలి. మేకప్, దుస్తుల సమయం కూడా ఇందులోదే. ఇరవై నిమిషాల కంటే చిన్న ముక్కలుగా చదివింది చదువు లెక్కలోకి రాదు.

సెట్ మీద ఉండే స్టూడియో టీచర్ పాఠం చెప్పడమే కాదు, పిల్ల ఆరోగ్యానికీ భద్రతకూ బాధ్యురాలు. పిల్ల అలసిపోయిందనిపిస్తే దర్శకుడితో కాదు, ఆమెతో మాట్లాడండి. 16 లోపు పిల్లలకు తల్లి గానీ తండ్రి గానీ చూపు మేరలోనో, వినికిడి మేరలోనో ఉండాలి. ఆ రోజు ల్యాప్‌టాప్‌లో మీటింగులు పెట్టుకోకండి.

ఈ గంటల వల్లే స్కూలు పిల్లల పాత్రలకు 18 దాటి చిన్నగా కనిపించేవాళ్లను ఎక్కువగా తీసుకుంటారు. మీన్ గర్ల్స్ షూటింగ్ 2023లో న్యూజెర్సీలో జరిగే నాటికి అవంతికకు 18 నిండాయి. కాబట్టి 13, 14 ఏళ్ల వయసులో పెద్ద పాత్రలు రాకపోతే పిల్లలో లోపముందనుకోకండి. కాలిఫోర్నియాలో హైస్కూలు పూర్తయినా, ప్రావీణ్య పరీక్ష పాసైనా పెద్దవాళ్లలా ఎన్ని గంటలైనా పని చేయొచ్చు. ఆ పరీక్షకు ముందు స్కూలు కౌన్సిలరుతో మాట్లాడండి. కాలేజీ దరఖాస్తుల మీద దాని ప్రభావం ఎలా ఉంటుందో తెలుసుకుని నిర్ణయించుకోండి.

18 నిండాక కూగన్ ఖాతా ఆమెదే. బర్త్ సర్టిఫికెట్ ధ్రువీకరించిన కాపీ, గుర్తింపు కార్డు పట్టుకుని ఆమే బ్యాంకుకు వెళ్లాలి. అప్పటిదాకా వచ్చిన ప్రతి జీతపు రసీదునూ ఒక ఫైల్లో వరుసగా పెట్టి ఉంచండి. 15 శాతం ప్రతిసారీ పడిందో లేదో ఆమె సరిచూసుకోవడానికి అవే ఆధారం.