కొత్తగా కొన్న పాత కారుకు ఏ ఇంజన్ ఆయిల్? లక్షణం, కారణం, పరిష్కారం

పాత కారు ఇంటికి వచ్చిన రోజున దాని ఇంజన్‌లో ఏ ఆయిల్ ఉన్నదో, ఎన్ని వేల కిలోమీటర్ల నుంచి ఉన్నదో తెలుసుకోవడానికి అమ్మినవారి మాట తప్ప వేరే ఆధారం సాధారణంగా ఉండదు. బెంగళూరు నుంచో చెన్నై నుంచో తిరుపతికి తెచ్చుకున్న బండి అయితే పాత సర్వీసు షెడ్డుకు వెళ్ళి అడిగే వీలు కూడా తక్కువ. అందుచేత కింది లక్షణాలలో ఏది కనిపించినా, అసలు ఏదీ కనిపించకపోయినా, మొదట ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆ ఆయిల్‌ను పూర్తిగా దించి, ఫిల్టర్‌ను, డ్రైన్ బోల్టు వాషర్‌ను మార్చి, కంపెనీ కారుతో ఇచ్చే పుస్తకంలో (ఓనర్స్ మాన్యువల్) చెప్పిన ఆయిల్‌నే పోయించాలి. పుస్తకం కారులో లేకపోతే కంపెనీ వెబ్‌సైటులో ఆ మోడల్, ఆ సంవత్సరం చూసి వెతకాలి.

పుస్తకంలో చూడవలసినవి రెండు. మొదటిది 5డబ్ల్యూ-30 వంటి గ్రేడు. ఇందులో ముందు అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. వెనుక అంకె 100 డిగ్రీల వేడిలో దాని చిక్కదనాన్ని చెబుతుంది. రెండవది ఏపీఐ లేదా ఏసీఈఏ నాణ్యత ప్రమాణం. చాలామంది గ్రేడును మాత్రమే చూసి దీనిని వదిలేస్తారు. ఉదాహరణకు 1.0 లీటర్ ఎకోబూస్ట్ ఇంజన్ ఉన్న ఫోర్డ్ ఎకోస్పోర్ట్‌లో టైమింగ్ బెల్టు ఆయిల్‌లో తడుస్తూనే తిరుగుతుంది; దానికి తగని ఆయిల్ పోస్తే బెల్టు చెడి, ఆ తునకలు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడతాయి.

ఉదయం స్టార్ట్ చేయగానే టకటక శబ్దం

రాత్రంతా నిలిచిన బండిలో ఆయిల్ అడుగుకు దిగిపోతుంది. అవసరానికి మించి చిక్కనైన ఆయిల్ పోసి ఉంటే అది తిరిగి పైభాగానికి చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఆయిల్‌ను వెనక్కు జారనీయకుండా ఆపే వాల్వు ఫిల్టర్‌లో పాడైపోయినా ఇదే జరుగుతుంది. సరైన గ్రేడుతో, మంచి ఫిల్టర్‌తో శబ్దం తగ్గాలి. ఇంజన్ వేడెక్కిన తరువాత కూడా శబ్దం ఆగకపోతే అది ఆయిల్‌తో తీరే సమస్య కాదు. వాల్వులను కదిలించే టాపెట్లను, టైమింగ్ చైనును విప్పి చూడాలి.

శబ్దం లేదు, పొగ లేదు, కానీ పికప్ బరువుగా ఉంది, మైలేజీ రావడం లేదు

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్తగా చూడవలసిన లక్షణం ఇదే. 5డబ్ల్యూ-30 పోయవలసిన ఇంజన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే అరిగిన భాగాల శబ్దం, పిస్టన్ రింగుల దగ్గర లేచే పొగ కొంతకాలం అణిగి ఉంటాయి. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడు చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనపు కొలత) మధ్య ఉండగా, 50 గ్రేడుది 16.3 నుంచి మొదలవుతుంది. ఆ తేడా ఇంజన్‌కు అదనపు బరువే. సరైన ఆయిల్ పోసిన తరువాత శబ్దమో పొగో బయటపడితే, కొత్త ఆయిల్ ఇంజన్‌ను పాడుచేసిందని భయపడి మళ్ళీ చిక్కటి ఆయిల్‌కు వెళ్ళిపోయేవారిని చూస్తే నిజంగా బాధ కలుగుతుంది. అప్పుడు కనబడేది ఆ ఇంజన్ అసలు స్థితి. సిలిండర్లలో ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ పరీక్ష చేయించి, రింగులు అరిగాయో లేదో తేల్చుకోవాలి. వీలైతే పూర్తి డబ్బు ఇవ్వకముందే ఈ పరీక్ష జరగడం మేలు.

ఘాట్ రోడ్డులో నీలం పొగ, ఆయిల్ లైటు మిణుకుమనడం

తిరుమలకు రెండవ ఘాట్ రోడ్డులో ఎక్కి మొదటి ఘాట్ రోడ్డులో దిగే ప్రయాణం ఇంజన్‌కు మంచి పరీక్ష. ఎక్కేటప్పుడు ఎడతెగకుండా నీలం పొగ వస్తుంటే రింగులను అనుమానించాలి. పెట్రోల్ బండిలో యాక్సిలరేటర్ వదిలి చాలాసేపు దిగి, మళ్ళీ తొక్కగానే ఒక్కసారిగా పొగ వస్తే అది వాల్వ్ సీళ్ళ లోపం. దిగుడులో ఇంజన్ లోపల ఏర్పడే పీల్పుకు ఆయిల్ అరిగిన సీళ్ళ పక్కనుంచి లోపలికి జారుతుంది. సీళ్ళు మార్పించుకోవచ్చు. రింగులు కొద్దిగానే అరిగి ఉంటే, పుస్తకం అనుమతించిన గ్రేడులలో కాస్త చిక్కనైనదానిని ఎంచుకుని, ప్రతి 500 కిలోమీటర్లకు సమతలం మీద డిప్‌స్టిక్ చూసి ఎంత తగ్గిందో రాసుకోవాలి.

మలుపులలో మాత్రమే లైటు వెలిగితే ఆయిల్ మట్టం తక్కువై పంపు గాలిని పీలుస్తున్నదని అర్థం. కొండ ఎక్కాక బండి నిలిచి ఇంజన్ తిరుగుతూ ఉన్నప్పుడు (ఐడ్లింగ్) వెలిగితే ఇంజన్‌ను వెంటనే ఆపి, కొన్ని నిమిషాల తరువాత మట్టం చూడాలి. మట్టం సరిగా ఉండి కూడా లైటు వెలుగుతుంటే బండిని నడపకుండా, గేజు పెట్టించి ఆయిల్ ఒత్తిడిని కొలిపించాలి. ఒత్తిడి బాగుంటే తప్పు సెన్సార్‌ది. లేకపోతే పంపుదో బేరింగులదో. ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది కాబట్టి, ఘాట్ ఎక్కుతాం కాబట్టి 50 గ్రేడే కావాలనే వాదన మన ఊళ్ళలో తరచుగా వినిపిస్తుంది. కూలింగ్ సరిగా పనిచేస్తున్న ఇంజన్‌లో ఆయిల్ వేడి బయటి ఎండ పెరిగినంతగా పెరగదు. పుస్తకంలో ఇచ్చిన ఉష్ణోగ్రతల పట్టిక మన ఎండను కూడా లెక్కలోకి తీసుకునే ఉంటుంది.

డిప్‌స్టిక్ మీద మట్టం పెరగడం

2020 ఏప్రిల్ తరువాతి బీఎస్-6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టి కాల్చే ఫిల్టర్, డీపీఎఫ్, ఉంటుంది. ఊరిలోనే చిన్న దూరాలు తిరిగితే ఆ కాల్చే పని మధ్యలో ఆగిపోయి, దానికోసం అదనంగా చిమ్మిన డీజిల్ ఆయిల్‌లో కలుస్తుంది. పలుచబడిన ఆయిల్‌ను మార్చి, బూడిద తక్కువగా మిగిల్చే ఏసీఈఏ సి2 లేదా సి3లలో పుస్తకం చెప్పినదానినే పోయించాలి. వారానికొకసారైనా తిరుపతి నుంచి చిత్తూరు వరకు ఆగకుండా నడిపితే డీపీఎఫ్ తన పని పూర్తి చేసుకోగలుగుతుంది.

ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే కూలెంట్ కలిసిందేమోనని హెడ్ గ్యాస్కెట్‌ను చూపించాలి. అది తేలేవరకు బండి నడపకూడదు.

ఆయిల్ నల్లబడటం

డీజిల్ బండిలో ఇది కొద్ది రోజులలోనే సహజంగా జరుగుతుంది. పెట్రోల్ బండిలో ఆయిల్ పోసే మూత కింద నల్లని జిగురు పేరుకుని ఉంటే పాత యజమాని ఆయిల్ మార్పును చాలాకాలం వాయిదా వేశారని అర్థం. ఫ్లష్ ద్రవంతో ఆ జిగురును ఒకేసారి వదిలిస్తే జల్లెడకు అడ్డుపడవచ్చు. దానికి బదులు సరైన ఆయిల్ పోయించి, రెండు వేల కిలోమీటర్లకే ఫిల్టర్‌తో సహా మరోసారి మార్పించి, ఆ తరువాతే పుస్తకం చెప్పిన గడువును పాటించాలి.