కింద ఫ్లాట్‌లో మంటలొస్తే మీ కిటికీ దాకా పాకకుండా ఏమేం చూసుకోవాలి

అపార్ట్‌మెంట్‌లో ఫైర్ అంటే అందరూ మెట్ల గురించే ఆలోచిస్తారు గానీ మంట బయటి గోడ మీదుగా కూడా పైకెక్కుతుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ముందు అది ఎలా ఎక్కుతుందో చూడండి. గదిలో అంటుకున్నాక వేడి పొగంతా సీలింగ్ కింద చేరి 500-600 డిగ్రీలకి వచ్చేసరికి సోఫా, పరుపు, బీరువా అన్నీ ఒక్కసారే భగ్గుమంటాయి, దీన్నే ఫ్లాష్‌ఓవర్ అంటారు. ఈలోపే కిటికీ అద్దం పగులుతుంది, లోపల గాలి చాలక కాలకుండా మిగిలిన గ్యాసులు బయటికొచ్చి అక్కడ గాలి దొరికేసరికి మండుతాయి, అలా మంట నేరుగా పై ఫ్లాట్ కిటికీకే తగులుతుంది, అక్కడ అద్దం పగిలితే కర్టెన్ అంటుకోడానికి ఎంతసేపు? కిటికీ సన్నగా పొడుగ్గా ఉంటే మంట కాస్త గోడకి దూరంగా పోతుంది, వెడల్పుగా ఉంటే గోడకి అతుక్కుని పాకుతుంది. ఇప్పుడు కడుతున్నవన్నీ వెడల్పు కిటికీలేగా!

సో కిందకి దిగి మీ బిల్డింగ్‌ని ఒకసారి తలెత్తి చూడండి. రెండు ఫ్లోర్ల కిటికీల మధ్య ఉత్త గోడ ఎంతుంది? కిటికీ మీద సజ్జ ఉందా? స్ప్రింక్లర్లు (మంటొస్తే సీలింగ్ నుంచి నీళ్ళు చల్లేవి) లేని చాలా బిల్డింగ్‌లకి అమెరికా బిల్డింగ్ కోడ్ 3 అడుగుల గోడైనా, రెండున్నర అడుగుల సజ్జైనా అడుగుతుంది. నన్నడిగితే సజ్జే మేలు, మంటని గోడ నుంచి బయటికి తోసేస్తుంది. లుక్ బాలేదని సజ్జలు తీసేయించే వాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది నాకు.

అసలు డేంజర్ ఎలివేషన్ కోసం, అంటే బిల్డింగ్ బయటి లుక్ కోసం కొట్టించే ఏసీపీ షీట్లు. పైనా కిందా పల్చటి అల్యూమినియం రేకు, మధ్యలో చీప్ రకంలో ఉండేది ప్లాస్టిక్, అంటే పాలీఇథిలీన్. లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 2017 జూన్ 14న నాలుగో అంతస్తు కిచెన్‌లో ఫ్రిజ్ దగ్గర మొదలైన మంట కిటికీ పక్క నుంచి ఈ షీట్లకి అంటుకుని 20 నిమిషాలకి అటూఇటూగా 24 అంతస్తుల బిల్డింగ్ పైదాకా పాకింది, 72 మంది పోయారు. షీటుకీ గోడకీ మధ్య వదిలే ఖాళీ ఉంది చూశారా, అది పొగ గొట్టంలా మంటని పైకి లాగుతుంది. అందుకని అసోసియేషన్ మీటింగ్‌లో కొత్త ఎలివేషన్ మాటొస్తే కోర్ ఏంటో, అంటే షీటు మధ్యలో ఏం పెట్టారో అడగండి, తేలిగ్గా మండని మినరల్ కోరే అని టెస్ట్ రిపోర్ట్ కావాలని పట్టుబట్టండి, కాంట్రాక్టర్ 'ఫైర్‌ప్రూఫే సార్' అంటే ఒప్పుకోకండి. కోర్ రంగు చూసి కూడా డిసైడ్ చేయొద్దు.

ఆఫీసులకి ముందంతా గ్లాసే ఉంటే స్లాబ్ అంచుకీ గ్లాసుకీ మధ్య సందులో రాక్‌వూల్ (రాతితో చేసిన, మండని దూది లాంటిది) గట్టిగా కూరి సీల్ చేశారా చూడండి. లాస్ ఏంజెలెస్‌లో 1988లో ఫస్ట్ ఇంటర్‌స్టేట్ బ్యాంక్ టవర్‌లో 12వ అంతస్తు మంట 16 దాకా పోయింది కిటికీల మీదుగానూ, ఈ సందుల్లోంచీ.

మీ చేతిలో ఉన్నది బాల్కనీ. పావురాల నెట్టు, ఎండకి కట్టిన గ్రీన్ షేడ్ నెట్, పాత పరుపు, అట్టపెట్టెలు, ఇవన్నీ మంట ఎక్కడానికి మెట్లే. నెట్టు తప్పదనుకుంటే కనీసం మిగతా చెత్తైనా తీసేయండి.

కింద ఫ్లోర్‌లో మంట కనిపిస్తే ఆ వైపు కిటికీలన్నీ మూసి, టైముంటే కర్టెన్లు పీకేసి, గది తలుపు మూసుకుని మెట్ల మీద దిగండి, లిఫ్ట్ జోలికి పోవద్దు. మెట్లన్నీ పొగే ఉంటే మంటకి అవతలి వైపు గదిలో ఉండి తలుపు కింద సందుకి తడిగుడ్డ పెట్టండి. 101కి ఫోన్ చేసినప్పుడు ఎన్నో అంతస్తో ఒక్కటే కాదు, బిల్డింగ్‌కి ఏ వైపు గోడ మీద మంట ఎక్కుతోందో కూడా చెప్పండి, బండి ఎటు పెట్టాలో వాళ్ళకి దాన్నిబట్టే తెలుస్తుంది.