పాత ప్రింటు మీద తూనీగ వాలే ముందు

పాత అచ్చుబొమ్మ మీద నిజంగానే తూనీగ వచ్చి వాలిందేమో అనిపించేలా రంగు వేయడం మహా సరదా. కానీ మా విజయనగరంలో జూన్ నుంచి నవంబర్ దాకా ఆ పని పెట్టుకునేవాళ్లు ముందు కాగితం సంగతి చూడండి. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిచిందంటే బూజుకి పండగే.

19వ శతాబ్దం సగం వరకు కాగితాన్ని ఎక్కువగా గుడ్డపీలికలతో చేసేవారు, గట్టిది. తర్వాత కలప గుజ్జు వచ్చింది. ఆ కాగితం ఆమ్లం వల్ల గోధుమరంగుకి తిరిగి, మడిస్తే అప్పడంలా విరుగుతుంది. వెనక వైపు, ఓ మూలన తడి కుంచె మొన తాకించి చూడండి. చెమ్మని గబుక్కున పీల్చేసుకుంటే మీ రంగు కూడా అలాగే పాకుతుంది. నేను ఈ పరీక్ష చేయకుండానే తాతగారి బొమ్మ మీద సీతాకోకచిలుక మొదలెట్టాను. రెక్క పూర్తయ్యేలోపే నల్లగా అలుముకుపోయింది. ఇంట్లో ఇప్పటికీ దాన్ని గబ్బిలం అనే అంటారు.

1894లో మొదలైన రవివర్మ ప్రెస్ ఓలియోగ్రాఫ్‌లాంటివి (నూనెరంగుల చిత్రంలా కనిపించే అచ్చుబొమ్మలు) ఇంట్లో ఉంటే అసలు ముట్టకండి. వాటి మీది వార్నిష్ నీటిరంగుని పట్టుకోదు. స్కాన్ తీయించి, ఆ నకలు మీద వేసుకోండి. చేత్తో రంగులద్దిన 19వ శతాబ్దపు ప్రింటులో నిగనిగలాడే ఆకుపచ్చ కనిపిస్తే, అందులో ఆర్సెనిక్ అనే విషం ఉండొచ్చు. గీకొద్దు. కుంచెని నోట్లో పెట్టి మొన తీసే అలవాటుంటే ఇక్కడ మానేయాలి.

రంగు చిక్కగా, నీళ్లు తక్కువగా ఉండాలి. బొమ్మలో వెలుగు ఏ వైపు నుంచి పడుతోందో చూసి పురుగు నీడ దానికి అవతలి వైపు వేయండి. నీడ తప్పితే అది అంటించిన స్టిక్కరే. ఆరుద్ర పురుగుకి ఎనిమిది కాళ్లు, ఆరు వేసి నవ్వులపాలు కావద్దు. పురుగులు కాక శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం కొంగల్ని చూసి గీయాలనుకుంటే దూరం నుంచే, గూళ్లున్న చెట్ల కిందికి వెళ్లకుండా.

పని ఆపినప్పుడు చెమ్మ గోడకి ఆనించొద్దు, ప్లాస్టిక్ కవర్లో బిగించొద్దు. బీరువా పై అరలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండు తుఫాన్లూ అక్టోబర్‌లోనే వచ్చాయి కదా, ఆ నెలలో కొత్తది మొదలెట్టకపోతేనే నయం. కరెంటు పోతే ఎమర్జెన్సీ లైటు ముందు కూర్చోవద్దు. ఉసిళ్లు వచ్చి మీ తూనీగ పక్కనే అతుక్కుంటాయి. తడి మీద లాగితే రంగూ లేచిపోతుంది. పూర్తిగా ఆరనిచ్చి, మర్నాడు మెత్తటి కుంచెతో ఊడ్చేయండి.