విశాఖ డాబా మీద ఐరిస్ రెటిక్యులాటా: పూయకపోతే ఏం చూడాలి

ఐరిస్ రెటిక్యులాటా టర్కీ, ఇరాన్, కాకసస్ కొండల్లో పెరిగే దుంప మొక్క. చలికాలమంతా మంచు కింద ఉండి, మంచు కరుగుతుండగానే జానెడు ఎత్తులో ఊదారంగు పువ్వు పూస్తుంది. రేకు మీద పసుపు చార, దగ్గరికెళ్తే సన్నని పరిమళం. నాకు ఇంతకన్నా అందమైన పువ్వు లేదు. మన విశాఖలో మాత్రం జనవరి రాత్రి కూడా 18 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. ఇక్కడ ఈ మొక్కకు వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం అక్కడే మొదలవుతాయి.

ఆకులు బాగా వచ్చాయి, పువ్వు లేదు

చలి చాలలేదు. ఆ కొండల చలిని ఇక్కడ మనం ఫ్రిజ్‌లోనే ఇవ్వాలి. నెల రోజులు ఫ్రిజ్‌లో పెట్టి తీసేసేవాళ్లకు ఎక్కువగా ఇలాగే అవుతుంది. కనీసం 12 నుంచి 14 వారాలు 4, 5 డిగ్రీల దగ్గర ఉండాలి. దుంపల్ని ఉత్తగా సంచిలో పెట్టకండి. చిన్న కుండీలో నాటి, మట్టి కాస్త తడిపి, కుండీతో సహా ఫ్రిజ్‌లో పెట్టండి. పైకి ఏమీ కనిపించకపోయినా ఆ చలిలోనే వేళ్లు దిగుతాయి. రెండు వారాలకోసారి వేలుతో మట్టి తాకి చూడండి, పూర్తిగా ఎండనివ్వొద్దు. అక్టోబరు మొదటి వారంలో పెడితే జనవరి మొదట్లో బయటికి తీయొచ్చు. మనకు కాస్త చల్లగా ఉండే రోజులు కూడా అవే. ఫ్రీజర్‌లో మాత్రం వద్దు, దుంప గడ్డకట్టి పాడవుతుంది.

మొగ్గ కనిపించింది, లోపలే ఎండిపోయింది

మొదటి ఏడాది నాకు జరిగింది ఇదే. కుండీలు పెట్టిన అరలోనే ఆపిల్ పళ్లు కూడా ఉండేవి. పండే పళ్ల నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది, అది దుంపలోని మొగ్గను చంపేస్తుంది. మూడు నెలలు ఎదురుచూసి ఎండిన మొగ్గను చూడటం చాలా బాధగా ఉంటుంది. ఆ మూడు నెలలూ ఆపిల్, అరటి, మామిడి ఆ ఫ్రిజ్‌లో లేకుండా చూసుకోండి. పళ్లన్నీ బయట గంపలోనే.

ఫ్రిజ్ నుంచి తీసిన కుండీని నేరుగా డాబా మీద ఎండలో పెట్టినా మొగ్గ మాడుతుంది. ముందు ఓ వారం నీడలో ఉంచి, తర్వాత తూర్పు వరండాలో పొద్దుటి ఎండ తగలనివ్వండి.

దుంప మెత్తబడి వాసన వస్తోంది

నీళ్లు నిలిచాయి. కోకోపీట్, వర్మీకంపోస్టు నింపిన మన మామూలు కుండీ మట్టి దీనికి పనికిరాదు. సగానికి సగం ముతక నది ఇసుక కలపండి. దగ్గర్లో ఉంది కదా అని బీచ్ ఇసుక తేవద్దు, అందులో ఉప్పుంటుంది. కుళ్లిన దుంప బతకదు, తీసి పారేయడమే.

దుంప మీద సిరా ఒలికినట్టు నల్ల మచ్చలు

ఈ జాతి ఐరిస్‌లకు వచ్చే శిలీంధ్ర తెగులు. ఆ దుంపను కంపోస్టులో కూడా వేయకండి, ఆ మట్టిని మళ్లీ వాడకండి. దుంప చుట్టూ వలలాగా ఉండే పీచు పొర మాత్రం తెగులు కాదు. రెటిక్యులాటా అన్న పేరు దాన్నిబట్టి వచ్చిందే. దాన్ని వలవకండి.

పువ్వు రెండు మూడు రోజులకే వాడింది

వేడి వల్ల. రాత్రిపూట కుండీని మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున తీస్తే ఇంకొన్ని రోజులు నిలుస్తుంది.

రెండో ఏడాది ఏమీ రాలేదు

పువ్వు రాలాక ఆకులు పొడుగ్గా ఎదిగి, దుంపకు మళ్లీ బలం కూర్చాలి. దానికి చల్లని వసంతం కావాలి. మన ఎండలకు ఆకులు ముందే పసుపెక్కుతాయి. దుంప చిన్న చిన్న పిల్లలుగా విడిపోతుంది, అవి పూసేంత పెద్దవి కావు. మీ పెంపకంలో లోపం వెతుక్కుని టెన్షన్ పడకండి. విశాఖలో ఏటా కొత్త దుంపలే కొని నాటుకోవాలి, నేనూ అదే చేస్తున్నాను.