ఏటిగట్టు దాటి పాట వినిపించాలంటే: కొత్త సంగీతకారులు సోషల్ మీడియాను ఎలా వాడుకోవాలి?

మా మేనల్లుడి మొదటి వీడియోలో వేణువు కంటే గాలి ఎక్కువ వినిపించింది. సాయంత్రం వేళ ఏటిగట్టు, వెనక గోదావరి, పక్కన కొబ్బరిచెట్లు. చూడటానికి ముచ్చటగానే ఉంది, వినడానికి మాత్రం తుపాను వార్తలా ఉంది. రెండోసారి ఇంట్లో ధాన్యం బస్తాలు పేర్చిన గదిలో, తలుపు మూసి, ఫ్యాను ఆపి వాయించాడు. బస్తాలు ప్రతిధ్వనిని మింగేశాయి, స్వరం శుభ్రంగా వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లపాటు అతని పేజీ నేనే చూసుకున్నాను. కింద రాసిన వరుస అందులోంచి వచ్చినదే. గాత్రానికైనా, సన్నాయికైనా, సొంత పాటలు కట్టే బృందానికైనా పనికొస్తుంది.

1. పేరు స్థిరపరచుకోండి

యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ మూడింటిలోనూ ఒకే పేరు, ఒకే ఫొటో ఉండాలి. కోనసీమ, కోకిల, గోదావరి, గానం అనే మాటలను కలిపి పేరు పెట్టుకోవాలని అందరికీ అనిపిస్తుంది. అలాంటి పేర్లు ఎన్ని ఉన్నాయో వెతికి చూశాక మనసు మార్చుకుంటారు. సొంత పేరుకు వాద్యం పేరో ఊరి పేరో చేర్చడం మేలు. పరిచయంలో మూడు సంగతులు చాలు: ఏం పాడతారు, ఎక్కడివారు, కచేరీకి పిలవాలంటే ఎవరితో మాట్లాడాలి. ఇంట్లోవాళ్ల నంబరు కాకుండా దీనికోసం వేరే నంబరు పెట్టుకోండి. ఇన్‌స్టాగ్రామ్‌లో వ్యాపార ఖాతా తీసుకుంటే అక్కడి పాటల్లో చాలావాటిని వాడుకోవడానికి వీలుండదు. సంగీతకారులకు క్రియేటర్ ఖాతా సరిపోతుంది.

2. ముందు శబ్దం, తర్వాత దృశ్యం

మసకగా ఉన్న వీడియోను జనం క్షమిస్తారు, చెవిలో గరగరలాడేదాన్ని క్షమించరు. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. చొక్కాకు తగిలించే చిన్న మైకు ఒకటి కొనండి. కాలువ గట్టు, లాకులు, కొబ్బరితోట కనిపించాల్సిందే అనుకుంటే ఉదయాన్నే వెళ్లండి. మధ్యాహ్నం దాటితే మన డెల్టాలో సముద్రపు గాలి లేస్తుంది. ఇంకా మంచి పద్ధతి ఒకటుంది. పాటను గదిలో ముందే రికార్డు చేసుకుని, గట్టు మీద దాన్ని వినిపిస్తూ దానితోపాటు పాడండి. రెండు చోట్లా మొదట్లో ఒక చప్పట్ల శబ్దం పడేలా చూసుకుంటే దృశ్యాన్నీ శబ్దాన్నీ కలపడం తేలిక.

3. ఒక పాటను నెల రోజులు వాడండి

కొత్తవాళ్లు అలసిపోయేది ఇక్కడే. రోజుకో పాట పెట్టాలనుకుంటారు, మూడో వారానికి సాధన మానేసి వీడియోలు దిద్దుతూ కూర్చుంటారు. నెలకు ఒక్క పాట బాగా సిద్ధం చేయండి. పూర్తి పాటను అడ్డంగా తీసి యూట్యూబ్‌లో పెట్టండి. దానిలోంచి నిలువు వీడియోలు నాలుగైదు వస్తాయి: చరణంలో బాగా ఎత్తుకున్న చోటు, కష్టమైన సంగతిని (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే స్వరాల అల్లికను) సాధనలో తప్పుతూ చివరికి పట్టుకోవడం, సాహిత్యంలోని ఒక మాటకు అర్థం, మీ డోలు కళాకారుడితో ముచ్చట్లు. తప్పులతో ఉన్న సాధన వీడియోకే మా పేజీలో ఎక్కువ కామెంట్లు వచ్చాయి. మంచిగా వాయించినవాటిని మెచ్చుకుని వెళ్లిపోయేవారు, తప్పు దగ్గర మాత్రం ఆగి సలహా ఇచ్చేవారు!

నిలువు వీడియోలో "నమస్కారమండీ, నా పేరు..." అని మొదలుపెట్టకండి. ఆ మాట పూర్తయ్యేలోపు చూసేవారి బొటనవేలు కదిలిపోతుంది. నేరుగా పాటలోకి దిగండి. తీరికైన ఆలాపన పూర్తి వీడియోలో ఉంటుంది. కీర్తనను ముక్కలు చేయడం అపచారమని మీ గురువుగారు అనవచ్చు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అందుకే పల్లవి, అనుపల్లవి ముగిసేచోట కోయండి, సాహిత్యం మధ్యలో కోయవద్దు.

4. ఎవరి పాట పాడుతున్నారో తెలుసుకోండి

మన చట్టం ప్రకారం రచనపై హక్కు రచయిత మరణించాక 60 ఏళ్ల వరకు ఉంటుంది. 1847లో సిద్ధిపొందిన త్యాగరాజ స్వామి కీర్తనలను ఎవరైనా పాడుకోవచ్చు. అయితే వేరొకరు పాడిన రికార్డు మీద హక్కు వేరు, దాన్ని మీ వీడియోలో కలపకూడదు. అన్నమయ్య దగ్గర మెలిక ఉంది. సాహిత్యం శతాబ్దాల నాటిదే, కానీ మనం వినే బాణీల్లో చాలావాటిని కట్టింది 20వ శతాబ్దపు విద్వాంసులు. బాణీ ఎవరిదో కనుక్కుని, అవసరమైతే అనుమతి అడగండి, పేరు తప్పకుండా రాయండి.

సినిమా పాట పాడితే యూట్యూబ్ యంత్రం గుర్తుపట్టి హక్కుదారు తరఫున క్లెయిమ్, అంటే ఈ పాట మాదన్న దావా, వేయవచ్చు. చాలాసార్లు వీడియో ఉంటుంది, ప్రకటనల ఆదాయం మాత్రం హక్కుదారుకు పోతుంది. స్ట్రైక్, అంటే హక్కుదారు ఫిర్యాదుతో వీడియోను తీసేసి చానల్‌కు ఇచ్చే హెచ్చరిక, అలా కాదు. 90 రోజుల్లో మూడు పడితే చానల్‌కే ముప్పు. "హక్కులను ఉల్లంఘించే ఉద్దేశం లేదు" అని కింద రాయడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఊడ్పుల పాటో, పడవ పాటో ఒక పెద్దావిడ దగ్గర నేర్చుకుంటే, ఆమెను అడిగి, ఆమె ఒప్పుకుంటే పేరూ ఊరూ రాయండి. సొంత పాటైతే రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు ఎవరి వాటా ఎంతో విడుదలకు ముందే కాగితం మీద పెట్టుకోండి. స్నేహితుల మధ్య కాగితం ఎందుకనుకోవద్దు, పాట నడిచాకే పేచీలు వస్తాయి. రచయితలు, స్వరకర్తలు తమ తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థ ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకోవచ్చు.

పాటలు వినిపించే స్పాటిఫై, జియోసావన్ వంటి యాప్‌లకు పాట డిస్ట్రిబ్యూటర్ ద్వారా, అంటే మన తరఫున పాటను వాటికి చేర్చే సంస్థ ద్వారా, వెళ్తుంది. స్పాటిఫై ప్లేలిస్టుల సంపాదకులకు పాటను పంపాలంటే విడుదలకు కనీసం 7 రోజుల ముందు పంపాలి. అందుకని తేదీని తొందరపడి ప్రకటించకండి.

5. పంచాంగం చూసి పెట్టండి

పోస్టు పెట్టడానికి మంచి సమయం ఏదని అడిగేవారికి నా సమాధానం పంచాంగమే. కార్తికంలో ద్రాక్షారామం, ధనుర్మాసంలో తిరుప్పావై, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, మాఘంలో అంతర్వేది కల్యాణం, చైత్రంలో శ్రీరామనవమి పందిళ్లు. ఉత్సవ కమిటీలు కళాకారులను ముందుగానే మాట్లాడుకుంటాయి. కాబట్టి తిరుప్పావై వీడియో ధనుర్మాసంలో కాదు, కార్తికంలోనే సిద్ధంగా ఉండాలి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. నది మీద పాట కట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే మొదలుపెట్టండి.

మన ఊళ్ల నుంచి గల్ఫ్ వెళ్లినవారు చాలామంది. కువైట్‌లో శుక్రవారం సెలవు, మనకంటే గడియారం రెండున్నర గంటలు వెనక. గురువారం రాత్రి పెట్టిన పాటను వారు తీరికగా వింటారు. మా పేజీలో కొబ్బరితోట కనిపించిన ప్రతి వీడియో కిందా అక్కడినుంచి ఒక పలకరింపు ఉండేది. గారు అని సంబోధించి ప్రతి ఒక్కరికీ జవాబివ్వండి.

వాట్సాప్‌లో కనిపించిన ప్రతి గుంపులోనూ లింకు పడేస్తే విసుగు తప్ప ఫలితం ఉండదు. ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడుకోండి. మీ నంబరు దాచుకున్నవారికే అది చేరుతుంది, అంటే మీ మాట వినేవారికే.

6. డబ్బు, లెక్కలు

ఫాలోవర్లను కొనవద్దు. వారు పాట వినరు, కచేరీకి రారు. చూసినవారి సంఖ్య కంటే ఎంతసేపు చూశారు, ఎంతమంది దాచుకున్నారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు అన్నది గమనించండి. ప్రకటనకు డబ్బు పెట్టాలంటే, పెట్టకుండానే బాగా నడిచిన వీడియోకే పెట్టండి. రాజమండ్రి, అమలాపురం, భీమవరం చుట్టుపక్కల కొన్ని కిలోమీటర్లకే పరిమితం చేసి, కొద్ది మొత్తంతో మొదలుపెట్టండి.

యూట్యూబ్ ప్రకటనల్లో వాటా రావాలంటే ప్రస్తుతం 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. లేదా షార్ట్స్‌కు, అంటే యూట్యూబ్‌లోని చిన్న నిలువు వీడియోలకు, 90 రోజుల్లో కోటి వీక్షణలు. అది వచ్చేవరకు ఆదాయం కచేరీల నుంచే. టీవీలో పాడే అవకాశానికి రుసుము కట్టమని ఎవరైనా సందేశం పంపితే డబ్బు కట్టకండి.

7. పిలుపు వచ్చినప్పుడు

పేజీలో అన్నిటికంటే పైన, వేదిక మీద పక్కవాద్యాలతో పాడిన వీడియో ఒకటి నిలిపి ఉంచండి. కమిటీవారు చూసేది దాన్నే. ఎంతసేపు పాడతారు, బృందంలో ఎందరు, సంభావన ఎంత, రాకపోకల ఖర్చు ఎవరిది అన్నవి ఒకే సందేశంలో పంపండి. అడ్వాన్సు చేతికందాకే పోస్టరు పెట్టండి. కచేరీ రోజు గంట ముందే వెళ్లి, మైకుసెట్టు ఆయనతో స్నేహం చేసుకుని, మిక్సర్ నుంచి నేరుగా శబ్దం రికార్డు చేసుకోనివ్వమని అడగండి. వచ్చే నెల వీడియోలకు సరుకు అదే.