ఇంట్లో కట్టుకునే ఆంప్లిఫయర్‌కు ఏ ట్రాన్స్‌ఫార్మర్?

హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే గుజరాతీ గల్లీకి పోయినా, ఊళ్లోనే చుట్టించుకున్నా ముందు తేలాల్సింది ఆంపియర్లు కాదు, వోల్టేజీ. ఆంపియర్లు తక్కువైతే సౌండ్ పెంచినప్పుడు బేస్ పడిపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతుంది. వోల్టేజీ ఎక్కువైతే మాత్రం ఐసీ (సౌండ్ పెంచే చిప్) మొదటి రోజే ఖరాబవుతుంది.

లెక్క స్పీకర్ నుంచి మొదలుపెట్టాలి. 8 ఓమ్‌ల స్పీకర్‌కు 40 వాట్లు కావాలనుకోండి. 2 × 40 × 8 = 640, దాని వర్గమూలం 25.3. స్పీకర్‌కు అందాల్సిన పీక్ వోల్టేజీ అది. ఐసీలో పోయే 4 వోల్టులు, రిపుల్‌కు (డీసీలో మిగిలే ఎగుడుదిగుడుకు) 2, 3 వోల్టులు కలిపితే ప్లస్, మైనస్ ఒక్కో వైపు 32 వోల్టుల డీసీ. డయోడ్‌కు ఇంకో వోల్టు కలిపి, ఏసీ అంకె కోసం 1.414తో భాగిస్తే 23.3. కాబట్టి 24-0-24, అంటే నడిమి తీగ నుంచి రెండు వైపులా 24 వోల్టుల ఏసీ ఇచ్చేది తీసుకోవాలి. 4 ఓమ్‌ల స్పీకర్‌కైతే అవే 40 వాట్లకు 18-0-18 చాలు.

బోర్డు మీద రాసింది ఏసీనా, డీసీనా అన్నది తప్పకుండా చూసుకోండి. "ప్లస్ మైనస్ 24 డీసీ" అని ఉన్న బోర్డుకు 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్ కడితే 33 వోల్టులు దాటి పోతుంది. చాలా బోర్డులు కాలేది ఇందుకే.

మన దగ్గర ఇంకో చిక్కుంది. బోర్లు నడిచే వేళ లైన్ వోల్టేజీ దిగుతుంది, అవి ఆగాక పైకి లేస్తుంది. రెండు రోజులు పొద్దున, రాత్రి మల్టీమీటర్‌తో చూసి, అన్నిటికంటే ఎక్కువ వచ్చిన అంకె రాసుకోండి. లోడ్ లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ రాసినదానికంటే 10 శాతం దాకా ఎక్కువిస్తుంది. అంటే 24-0-24 నుంచి 230 దగ్గర 36 వోల్టుల డీసీ, 260 దగ్గర 41 వస్తుంది. ఎల్‌ఎం3886 అనే ఐసీ సిగ్నల్ నడుస్తుండగా రెండు వైపులా కలిపి 84 వోల్టుల వరకు ఆగుతుంది కనుక అంచు మీద బతుకుతుంది. టీడీఏ7294 అనే ఐసీ హద్దు ఒక్కో వైపు 40. రాత్రి 250 దాటే ఊరైతే దానికి 22-0-22 తీసుకోండి. కెపాసిటర్లు ఒక్కో వైపు 10,000 మైక్రోఫారడ్, 50 వోల్టులవి పెట్టండి.

ఇప్పుడు ఆంపియర్లు. రెండు చానెళ్లకు 40 వాట్ల చొప్పున మొత్తం 80 వాట్లు. ఇంట్లో పాటలు వినడానికి దానికి ఒకటిన్నర నుంచి రెండింతల వీఏ (వోల్టులు × ఆంపియర్లు) ఉంటే సరిపోతుంది. 24-0-24, 3 ఆంపియర్లంటే 48 × 3 = 144 వీఏ, సరిగ్గా కుదురుతుంది. అయితే స్టిక్కర్‌ను నమ్మకండి, చేత్తో ఎత్తి చూడండి. ఈ సైజు ఈఐ కోర్‌ది (E, I ఆకారపు ఇనుప రేకులు పేర్చినది) సుమారు రెండున్నర కిలోలు తూగాలి. ఒక కిలో ఉంటే అది 3 ఆంపియర్లది కాదు. తీగ చివర టంకం లేనిచోట బ్లేడుతో గీకితే లోపల ఎర్రగా ఉండాలి. తెల్లగా మెరిస్తే అల్యూమినియం. రెసిస్టెన్స్ రాగికి 1.6 రెట్లుంటుంది, వద్దు.

మోటార్ వైండింగ్ దుకాణంలో చుట్టిస్తే నడిమి కాలు వెడల్పు 38 మిల్లీమీటర్లు, రేకుల పేర్పు మందం 38 మిల్లీమీటర్లున్న కోర్ తీసుకోండి. వోల్టుకు 2.6 చుట్లు. లైన్ కరెంటు వచ్చే ప్రైమరీకి 23 గేజ్ తీగ 600 చుట్లు, బోర్డుకు పోయే సెకండరీకి 18 గేజ్ 66 + 66 చుట్లు. రాత్రి వోల్టేజీ బాగా లేచే ఊళ్లో వోల్టుకు 2.9 చుట్లు అడగండి. అప్పుడు ప్రైమరీ 667, సెకండరీ 73 + 73 అవుతుంది. చుట్లు తగ్గిస్తే కోర్ అయస్కాంత శక్తితో నిండిపోయి, లోడ్ లేకున్నా గుర్రుమంటుంది, వేడెక్కుతుంది.

బోర్డుకు కలపకముందు ప్రైమరీకి 100 వాట్ల ఫిలమెంట్ బల్బు సీరీస్‌లో పెట్టి ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోవాలి. వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్. తర్వాత సీరీస్ బల్బు తీసేసి, 12 వోల్టుల 35 వాట్ల బైక్ హెడ్‌లైట్ బల్బులు రెండేసి సీరీస్‌లో సెకండరీ ఒక్కో సగానికి కలిపితే దాదాపు 3 ఆంపియర్లు లాగుతాయి. లైన్ 230 ఉండగా సగానికి 23 కంటే తగ్గితే వెనక్కి ఇచ్చేయండి.

ప్రైమరీకి 1 ఆంపియర్ స్లో-బ్లో ఫ్యూజు వేసి, ఇనుప డబ్బాకు ఎర్త్ కలపండి. పాట సిగ్నల్ తెచ్చే ఇన్‌పుట్ తీగలకు, ట్రాన్స్‌ఫార్మర్‌కు మధ్య జానెడు దూరం ఉంచండి. హమ్ (స్పీకర్‌లో గుయ్‌మనే మోత) వస్తే బిగించే ముందు ట్రాన్స్‌ఫార్మర్‌ను అటూ ఇటూ తిప్పి, ఎక్కడ తగ్గితే అక్కడ బోల్టులు వేయండి.